జోలమ్మగారింటి నిద్ర

"ముందు ఆ సీసా అక్కణ్ణించి తియ్యి. అన్నం తినే బల్ల అది," అన్నారు అత్తగారు.

కోడలు తియ్యలేదు. పిల్లల దుప్పట్ల బీరువాలో, మడతల వెనకాల నిన్న సాయంత్రం చేతికి తగిలిన జలుబు సిరప్పు సీసాని ఆమె తెల్లవారగానే తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. దూరపు చుట్టం వచ్చి దిగినట్టు అది అక్కడ తిష్ఠ వేసింది. అత్తగారు, కొడుకు, కోడలు దాని చుట్టూ కూర్చున్నారు. దానికీ ఒక కప్పు టీ పోస్తే మర్యాద పూర్తయ్యేది.

"జలుబు మందు జలుబున్న పిల్లలకి వెయ్యాలి అత్తయ్యా. నర్సమ్మ కొడుక్కి జలుబు లేదు."

"వస్తుందేమోనని వేశాను."

"రోజూ వస్తుందేమోననా?"

కొడుకు పేపరు పేజీ తిప్పాడు. ఆ పేజీలో ఏముందని అడిగితే చెప్పలేడు.

నిన్న మధ్యాహ్నం ఈ ఇంటి డే కేర్‌లో పడుకున్న నర్సమ్మ కొడుకు, తల్లి వచ్చే వేళకి లేవలేదు. భుజాన వేసుకుంటే తల వేలాడిపోయింది. చదువుకున్న నర్సు కాబట్టి ఆవిడ వాడి కనురెప్ప ఎత్తి చూసింది. చూసి, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా, తను పనిచేసే ఆసుపత్రికే పరిగెత్తింది. తెల్లారేసరికి వాడు కళ్లు విప్పి అమ్మా అన్నాడని కబురొచ్చింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పీల్చిన ఊపిరి వదిలేలోగా రెండో కబురు వచ్చింది. పిల్లాడి రక్తంలో మత్తుమందు ఉందట. ఆసుపత్రి మందులు ఇంటికి ఎత్తుకెళ్తున్నావా అని నర్సమ్మనే నిలదీస్తున్నారట. సాయంత్రం మేట్రన్ ముందు నిలబడి జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే ఉద్యోగం ఉండదు. విడిగా ఉంటూ, పిల్లాణ్ణి ఎప్పుడు లాక్కుందామా అని చూస్తున్న మొగుడు అప్పుడే బయలుదేరాడట కూడా.

"మనం వెళ్లి చెబుదాం. ఈ మందు మేమే వేశాం, ఆవిడ తప్పేమీ లేదు అని. ఒక్క ముక్క," అంది కోడలు.

"ఒక్క ముక్కే. దాంతో ఈ ఇంటి తలుపు మూతపడుతుంది. తర్వాత నీ మొగుడు ఏ అరుగు మీద కూర్చుని పేపరు చదువుతాడో అది కూడా నువ్వే చూసిపెట్టు."

"నన్నెందుకు లాగుతారు మధ్యలోకి?" అన్నాడు కొడుకు. "అయినా పిల్లాడు బతికాడుగా. అయిపోయిందిగా."

"బతికాడు కాబట్టి వాడి తల్లిని చంపుదామా?"

అతను మళ్లీ పేజీ తిప్పాడు. ఇవాళ్టి పేపరుకి పేజీలు చాలేలా లేవు.

రాత్రి నించీ కోడలు అడగలేకపోయిన ప్రశ్న అప్పటికి బయటికొచ్చింది.

"చిట్టికి కూడా వేశారా?"

చిట్టి ఆమె కూతురు. ఇంట్లో పిల్లే అయినా మధ్యాహ్నాలు మిగతా పిల్లల వరసలోనే, చివరి చాప మీద పడుకుంటుంది.

అత్తగారు టీలో చెంచా తిప్పుతూనే ఉన్నారు. పంచదార ఎప్పుడో కరిగిపోయింది.

"ఏడాదిగా మధ్యాహ్నాలు తలుపేసుకుని పరీక్షలకి చదివావు. చిట్టి ఒక్కసారైనా వచ్చి తలుపు కొట్టిందా?"

"...లేదు."

"ఎందుకు కొట్టలేదో అప్పుడు అడగవలసింది అమ్మాయ్. పరీక్ష పాసయ్యాక కాదు."

ఆ గదిలో ఇక చెంచా చప్పుడు ఒక్కటే.

*

ఈ అత్తగారిని వీధి వీధంతా జోలమ్మగారు అంటుంది. ఆ పేరు కూడా ఊరికే రాలేదు, ఆవిడ రప్పించుకున్నదే.

డే కేర్ తెరిచిన కొత్తల్లో ఆ ఇంట్లో ఉన్నవి చాపలు, ఊయలలు, గోడ మీద నవ్వుతున్న ఏనుగు బొమ్మ. పిల్లలు మాత్రం లేరు. మొదటిసారి బ్యాంకు క్యాషియరమ్మ వచ్చి అడిగినప్పుడు జోలమ్మగారు వీధి గుమ్మం దగ్గరే నిలబెట్టి, "ఖాళీ లేదమ్మా" అన్నారు. లోపల ఏనుగు ఒంటరిగా నవ్వుతోంది. క్యాషియరమ్మ బతిమాలింది. మళ్లీ వచ్చి బతిమాలింది. మూడోసారికి, "నీ ముఖం చూసి ఒప్పుకుంటున్నాను, ఇంకెవరికీ చెప్పకు," అన్నారు. మర్నాటికల్లా బ్యాంకులో అందరికీ తెలుసు. దొరకని చోటు తనకి దొరికిందని చెప్పుకోకపోతే క్యాషియరమ్మకి దొరికీ ఏం లాభం?

ఇక రెండోది నిద్ర. తల్లి ఒళ్లో కునుకైనా తియ్యని పిల్లలు ఆ ఇంట్లో మధ్యాహ్నం అన్నం తినగానే వరసగా వాలిపోతారు. "ఆవిడ ఒళ్లో ఏముందో గానీ!" అని తల్లులు ఆఫీసుల్లో, బస్సుల్లో, పంటి డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూడా చెప్పుకున్నారు. నిద్రలేని ఆడదానికి నిద్ర గురించి తప్ప మాట్లాడ్డానికి ఇంకేం ఉంటుంది? జోలమ్మగారు ఒక్క బోర్డు పెట్టలేదు, ఒక్క కాగితం పంచలేదు. ఊళ్లో సగం మంది తల్లులు జీతం లేకుండా ఆవిడ కొలువులో పనిచేశారు.

ఆ ఒళ్లో ఏముందో ఇప్పుడు కోడలికి తెలిసింది. మూత తిప్పి తీసే సీసా.

*

పిల్లల్ని దింపే వేళకి బల్ల మీది సీసా లేదు. కొడుకూ లేడు. రెండూ కలిసే వెళ్లి ఉంటాయి.

వరండాలో క్యాషియరమ్మ, లెక్చరరమ్మ పిల్లల్ని పట్టుకుని నిలబడ్డారు. రోజూ అయితే పిల్లాణ్ణి అందించి చెప్పులైనా విప్పకుండా పరిగెత్తేవాళ్లు. ఇవాళ పిల్లల చేతులు వదలడం లేదు.

"నర్సమ్మగారి అబ్బాయికి ఏదో అయిందటగా?" అంది క్యాషియరమ్మ.

"ఇక్కడ పడుకున్నవాడు లేవలేదట కదా?" అంది లెక్చరరమ్మ. ఇంగ్లీషు పాఠం చెప్పినంత నిదానంగా అంది గానీ, కొడుకు మణికట్టు చుట్టూ ఆవిడ వేళ్లు తెల్లబడ్డాయి.

కోడలు గోడ కొక్కేలకి అన్నం సంచులు తగిలిస్తోంది. ఇప్పుడు చెప్పాలి అనుకుంది. ఇప్పుడే. వెనక్కి తిరిగింది.

జోలమ్మగారు ఆ తల్లులకి జవాబు చెప్పలేదు. వాళ్లు అక్కడ లేనట్టే, కోడలి మీద విరుచుకుపడ్డారు.

"నీకెన్నిసార్లు చెప్పాలే? నోరు అదుపులో పెట్టుకోమన్నానా లేదా? ఆవిడింట్లో నువ్వేం చూశావో అది నీ కడుపులోనే ఉండాలి! ఆసుపత్రిలో పనిచేసేవాళ్ల ఇంట్లో మందులుండవా? ఉంటాయి. పిల్లాడికి అందేలా పెట్టిందా, అందకుండా పెట్టిందా, మనకెందుకు? ఒంటరి ఆడది, దాని బతుకు అది బతుకుతోంది. ఆ మాట ఇంకోసారి నీ నోట వినబడిందంటే ఇంట్లో ఉండవు, చెబుతున్నా!"

కోడలికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. నిజంగానే తను ఏమైనా అందేమోనని వెనక్కి వెతుక్కుంది. పోయిన నెల పిల్లాడు స్వెట్టరు మర్చిపోతే ఇచ్చి రావడానికి నర్సమ్మ ఇంటికి వెళ్లింది. గుమ్మంలోనే ఇచ్చి వచ్చేసింది. ఆ వెళ్లడం మాత్రం ఈ ఇద్దరు తల్లులకీ తెలుసు.

"అత్తయ్యా, నేనేం అనలేదు, నేను అసలు..."

"చూశావా, మళ్లీ!" అన్నారు జోలమ్మగారు, అప్పుడే ఆ తల్లుల్ని గమనించినట్టు ఉలిక్కిపడి. "అయ్యో, మీరున్నారా. ఏమీ అనుకోకండమ్మా. ఇంటి గొడవ. మీరు విన్నది ఇక్కడే మర్చిపోండి. పాపం, ఆ నర్సు పిల్ల ఉద్యోగం పోతుంది."

క్యాషియరమ్మ భుజాలు రెండూ ఒక్కసారిగా కిందికి దిగాయి. లెక్చరరమ్మ వేళ్లు వదులయ్యాయి. పిల్లాడు లోపలికి తుర్రుమన్నాడు.

"మేమెందుకు అంటాం పిన్నిగారూ," అంది క్యాషియరమ్మ. గేటు దాటీ దాటకముందే సంచిలోంచి ఫోను తీసింది.

గేటు మూసుకున్నాక కోడలు అత్తగారికి ఎదురు నిలిచింది.

"నేను ఆవిడింట్లో ఏమీ చూడలేదు."

"చూశావని నేనన్నానా? చెప్పొద్దన్నాను."

"ఎంత పాపం చేశారో తెలుస్తోందా మీకు?"

"నాకు తెలిసింది చెబుతాను, విను. వాళ్లతో ఎదురుగా చెప్పాననుకో, ఈ ముసలిది మాకెందుకు చెబుతోంది అని ఆలోచిస్తారు. చాటుగా విన్నదాని గురించి ఎవరూ ఆలోచించరు. తమకే దొరికిందనుకుని జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్తారు." జోలమ్మగారు ఒక పిల్ల జుట్టుకి రిబ్బను కడుతూ, పక్కింటి పెళ్లి కబురు చెబుతున్నంత తీరిగ్గా అన్నారు. "పైగా వాళ్లకి కావలసిందీ అదే. తప్పు మనదయితే, పిల్లల్ని ఇక్కడ వదిలినందుకు వాళ్లదీ తప్పే. నర్సుదయితే అందరూ మంచి తల్లులే. అంత హాయైన మాటని మొయ్యనంటే మొయ్యననే ఆడది ఎవరే?"

"నేను ఆసుపత్రికి వెళ్లి చెబుతాను."

"వెళ్లు. కానీ ముందు నేను వెళ్లొస్తాను, పిల్లాణ్ణి చూడాలి కదా. పళ్లు కూడా తెప్పించాను. నేనొచ్చేదాకా వీళ్లని ఎవరు చూస్తారు?"

వరండా నిండా పిల్లలు. ఒకడు బూటు నోట్లో పెట్టుకున్నాడు, ఒకత్తి గేటు గడియ అందుకోవాలని చూస్తోంది. కోడలు వాళ్ల వంక చూసింది. చూసేలోగా అత్తగారు పళ్ల సంచి పట్టుకుని ఆటో ఎక్కేశారు.

*

నర్సమ్మకి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఒక చంకలో ఏడుస్తున్న పిల్ల, ఒక చెవి దగ్గర మోగుతున్న ఫోను.

అన్నాల వేళకి మందుల షాపాయన డయపర్ల కట్ట తెచ్చి గేటు మీంచి అందించాడు. అందించినవాడు కదలడే.

"మీరే చూశారటగా అమ్మా?"

"ఏం చూశాను?"

"అదే, నర్సింట్లో. దిండు కింద నీలం సీసా. ఆసుపత్రి ముద్ర కూడా ఉందటగా దాని మీద?"

పొద్దున వరండాలో పుట్టినప్పుడు ఆ మాటకి దిండూ లేదు, నీలమూ లేదు, ముద్రా లేదు. ఇంత కొద్ది గంటల్లో దానికి ఒళ్లంతా వచ్చేసింది.

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరని చెప్పను? అందరూ అంటున్నారు. చూసింది మాత్రం మీరే అంటున్నారు. చెప్పొద్దని మీ అత్తగారు తిట్టారట కూడా."

కోడలు గేటు కమ్మీ పట్టుకుంది. "బాబాయ్‌గారూ, మా అత్తయ్య మీ దగ్గర ప్రతివారం జలుబు సిరప్పు కొనేవారు. అవునా, కాదా?"

షాపాయన ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం తలుపేసుకున్నాయి.

"ఆవిడకి దగ్గు కదమ్మా. పెద్దవాళ్లకి దగ్గు ఉంటుంది. నేనమ్మే మందుల్లో మత్తు ఉండదు. అది ఆసుపత్రి మందే. నేను ఇందాకణ్ణించీ నలుగురికీ అదే చెబుతున్నాను."

చెప్పడా మరి! ఆ మాటలో అతని కొట్టు కూడా క్షేమంగా ఉంది.

అతను వెళ్తుండగానే ఫోను మోగింది. నర్సమ్మ.

"అక్కా," అంది. ఏడుపు లేదు, అరిగిపోయిన గొంతు. "నువ్వు నా ఇంట్లో ఏం చూశావక్కా?"

"ఏమీ చూడలేదు! ఒట్టు, గుమ్మం దాటి లోపలికి కూడా రాలేదు."

"మరి వార్డు బాయ్ దగ్గర్నించి అందరూ నీ పేరే ఎందుకు చెబుతున్నారు? మా ఆయన ఇప్పుడే వచ్చి అడిగాడు, పిల్లాణ్ణి చూసుకునేవాళ్లే చూశారటగా ఇంకేం చెబుతావ్ అని."

"చెల్లీ, నే చెప్పేది విను. మందు వేసింది మా ఇంట్లో. పిల్లలు పడుకోవాలని మా అత్తయ్య రోజూ సిరప్పు వేస్తున్నారు. నిన్ననే తెలిసింది నాకు. నేనొచ్చి మేట్రన్‌గారికి చెబుతాను, నువ్వు..."

నర్సమ్మ మధ్యలోనే అడ్డుకుంది.

"మీ అత్తగారు ఇక్కడే ఉన్నారక్కా. పొద్దుటినించీ నా చెయ్యి వదల్లేదు. నాతో పాటు ఏడ్చారు. ఒక్క ముద్దయినా తినమని బతిమాలారు. మా కోడలి నోరు మంచిది కాదు, దాన్ని క్షమించు, అడిగితే నా మీదకే తోసేస్తుంది చూడు అని ఇందాకే చెప్పారు." ఆమె ఊపిరి తీసుకుంది. "సరిగ్గా అలాగే తోశావు."

"చెల్లీ!"

ఫోను పెట్టేసింది.

ఆ ఇంట్లో అందరికంటే పెద్ద గొంతుతో ఏడవాలని ఉంది కోడలికి. కానీ అప్పటికే ఇద్దరు పిల్లలు ఏడుస్తున్నారు. ముందు వచ్చినవాళ్లదే వంతు.

*

పడకల వేళకి అత్తగారు తిరిగొచ్చారు. ముఖం కడుక్కుని, చాపలు పరిపించి, ఒక్కొక్కరినే ఒళ్లో వేసుకున్నారు. కోడలు పక్కనే గోడకానుకుని నిలబడి ఆవిడ చేతుల్నే కాపలా కాసింది, ఒక్క పిల్ల నోటికైనా ఏమీ అందకుండా. పిల్లలు పడుకోలేదు. చాపల మీద దొర్లారు, తన్నుకున్నారు, ఏనుగు బొమ్మ తొండం చింపారు. తల్లులు వచ్చేముందు పాల సీసాలు కడగడానికి కోడలు పెరట్లోకి వెళ్లిన కాసేపూ తప్ప ఆ గది వదల్లేదు.

సాయంత్రం తల్లులు ఒక్కొక్కరే గేటు దగ్గర పోగయ్యారు. కోడలు మెట్టు మీద నిలబడింది. ఇంత పెద్ద గొంతుతో ఆమె పెళ్లయ్యాక మాట్లాడి ఎరగదు.

"అందరూ వినండి. నర్సమ్మ ఇంట్లో నేను ఏమీ చూడలేదు. ఆవిడ తప్పు లేదు. మీ పిల్లల్ని పడుకోబెట్టడానికి ఈ ఇంట్లో జలుబు సిరప్పు వేస్తున్నారు. వాడికీ అదే వేశారు. నిన్న కాస్త ఎక్కువ పడింది. మీలో ఎవరైనా నాతో ఆసుపత్రికి రండి. ఈ మాట అక్కడ చెప్పాలి."

అందరూ విన్నారు. ఒక్క అక్షరం పోకుండా విన్నారు. ఎవరో సంచి ఒక భుజం నించి ఇంకో భుజానికి మార్చుకున్నారు.

"పాపం," అంది క్యాషియరమ్మ చివరికి. "పొద్దున అత్తగారు తిట్టేసరికి మనసు కలుక్కుమన్నట్టుంది. నర్సమ్మ ఉద్యోగం పోతోందని నింద తన మీదేసుకుంటోంది. ఎంత మెత్తని మనసో!"

"అవునవును," అన్నారు ఇద్దరు ముగ్గురు. ఆ మాట వాళ్లకి ఎంత ఆసరాగా దొరికిందంటే, వెంటనే పట్టేసుకున్నారు.

"నేను నింద వేసుకోవడం లేదు, నిజం చెబుతున్నా! మీ పిల్లలు ఇంటికొచ్చాక మగతగా ఉండరా? ఆదివారం ఇంట్లో పడుకోరే, ఇక్కడ ఎలా పడుకుంటున్నారు?"

"ఆవిడ చేతి చలవ," అంది వెనకనించి ఒకావిడ, కాస్త కోపంగానే.

జోలమ్మగారు వచ్చి కోడలి తల నిమిరారు. "లోపలికి రామ్మా. పొద్దుటినించీ ఏమీ తినలేదు పిచ్చిపిల్ల," అన్నారు. కంట్లో నీళ్లు కూడా ఉన్నాయి.

తల్లులు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయారు. ఇవాళ పిల్లలెవరూ పడుకోలేదని, దారి పొడుగునా చంక దిగకుండా రాగాలు తీస్తున్నారని వాళ్లలో ఒక్కరికీ పట్టలేదు.

లెక్చరరమ్మ మాత్రం ఆగింది. అందరూ మలుపు తిరిగేదాకా కొడుకు బూటు లేసు కడుతున్నట్టు వంగి, అప్పుడు దగ్గరికొచ్చింది.

"నేను నమ్మాను," అంది మెల్లిగా.

కోడలు గబుక్కున మెట్టు దిగింది. "నమ్మారా? నాతో రండి. ఇంకా టైముంది. మీ మాటకి విలువ ఉంటుంది, మీరు కాలేజీలో..."

"అది కాదు." లెక్చరరమ్మ గేటు వైపు చూసి, మళ్లీ ఇటు చూసింది. కళ్ల కింద నలుపు పౌడరు దాటి కనబడుతోంది. "వీడు రాత్రిళ్లు అస్సలు పడుకోడు. నాకు పేపర్లు దిద్దాలి, వంట చెయ్యాలి, ఆయన ఊళ్లో ఉండరు. ఆ సిరప్పు... ఎంత వేస్తారో చెబుతారా? మా వాడి బరువుకి ఎంత వెయ్యచ్చు?"

కోడలు గేటు తెరిచి పట్టుకుంది. వాకిట్లో పిల్లాడు తొండం ముక్క పట్టుకుని ఆడుకుంటున్నాడు.

"వెళ్లండి," అంది.

"కోపం తెచ్చుకోకండి. అడిగానంతే," అని లెక్చరరమ్మ కొడుకుని ఎత్తుకుంది.

*

గదిలో అన్ని చాపలూ ఖాళీ, ఒక్క చివరిది తప్ప.

చిట్టి పడుకుని ఉంది. పిల్లలందరూ ఇల్లు పీకి పందిరేసిన మధ్యాహ్నం తర్వాత, ఇంత గొడవలో, ఈ ఒక్కతే. కోడలు పిలిచింది. భుజం కుదిపింది. చిట్టి పెదవులు కదిలాయి, కళ్లు తెరుచుకోలేదు. నోటి మూల తియ్యటి జిగురు.

"ఇవాళ కూడానా?" అంది. అరవలేదు. అరవడానికి లోపల ఏమీ మిగల్లేదు.

"నువ్వు ఈ తమాషా చేస్తావని నాకు తెలుసు," అన్నారు గుమ్మంలోంచి అత్తగారు. "కన్నతల్లి మెట్టెక్కి అరుస్తుంటే పిల్ల బెదిరిపోదూ? నువ్వు పెరట్లోకి వెళ్లినప్పుడు నా దగ్గరున్న ఇంకో సీసాలోంచి వేశాను. కాస్తే. లేస్తుందిలే."

కోడలు కూతురి ఛాతీ మీద చెయ్యి వేసి ఊపిరి చూసుకుంది. ఆడుతోంది. నిదానంగా, లోతుగా. ఒక్కసారిగా ఆమెకి ఒక సంగతి తోచింది. తోచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పొద్దుటినించీ తను చెప్పిన మాటని మోసేవాళ్లు ఒక్కరు దొరకలేదు. ఇదిగో, ఈ పిల్ల రక్తంలో ఉంది ఆ మాట. పరీక్ష చేస్తే అదే మందు బయటపడుతుంది. చిట్టి నర్సమ్మ గుమ్మం తొక్కి ఎరగదు. మేట్రన్ నర్సమ్మని ఇంకేం అడుగుతుంది?

చిట్టిని భుజాన వేసుకుంది. మెలకువగా ఉన్న పిల్ల కంటే ఎంతో బరువు.

గుమ్మంలో మొగుడు ఎదురయ్యాడు. వాళ్లమ్మ కంగారుగా పిలిపించి ఉండాలి, పేపరు కూడా చేతిలో లేదు.

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. డాక్టరుకి చూపించి, రక్తం తీయించి, ఆ నర్సమ్మ పక్కన నిలబడతాను."

"నీకు మతి ఉందా? తేలితే ముందు ఎవరిని అడుగుతారు? దీని తల్లివి నువ్వు. ఇల్లంతా నీ చేతుల మీదుగా నడుస్తోంది. నీ నోటితో నువ్వే వీధంతా వినేలా సిరప్పు వేస్తున్నాం అన్నావు."

"అడగనీండి. జవాబు చెబుతాను."

"అమ్మా, నువ్వయినా చెప్పు దీనికి!"

జోలమ్మగారు అడ్డం రాలేదు. దారి ఇచ్చారు కూడా. "వెళ్లనీరా. తల్లి మనసు," అంటూ బల్ల దగ్గరికి నడిచి, కళ్లజోడు పెట్టుకుని, ఫోను చేతిలోకి తీసుకున్నారు.

వీధిలో దీపాలు వెలుగుతున్నాయి. ఆటో దొరకలేదు. కోడలు నడక మొదలుపెట్టి, కాసేపటికి పరుగులాంటి నడకలో పడింది. చిట్టి తల ఆమె మెడ మీద అటూ ఇటూ ఊగుతోంది, ఊపిరి వెచ్చగా తగులుతోంది. మందుల షాపాయన ఫోను చెవిన పెట్టుకుని కొట్టు మెట్టు మీదికి వచ్చి చూశాడు. మేడ మీద ఎవరో కిటికీ తెరిచారు. క్యాషియరమ్మ గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటూ ఆమెని చూసి ఆపేశారు. ఆమె దాటగానే మళ్లీ మొదలుపెట్టారు. ఆమె వెనక్కి తిరగలేదు. మేట్రన్ గదిలోకి నర్సమ్మని పిలిచే వేళ దాటకూడదు, అంతే.

ఆసుపత్రి లోపల ట్యూబులైట్లు కళ్లలో పొడుస్తున్నాయి. రిసెప్షన్‌లో అమ్మాయి తలెత్తింది. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. పిల్ల వంక చూసింది, తర్వాత తల్లి వంక చూసింది. ఆ చూపు ఎక్కువసేపు ఉంది.

"జోలమ్మగారి కోడలేనా మీరు?"

"అవును. మా పాపకి రక్తపరీక్ష చెయ్యాలి. తనకి ఎవరు వేశారంటే..."

"తెలుసండీ," అంది ఆ అమ్మాయి.

పక్కగది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మేట్రన్ బల్ల ముందు నిలబడ్డ నర్సమ్మ వీపు కనబడుతోంది. ఆ అమ్మాయి లేచి, అటు వైపు తిరిగి, గొంతు పెంచి పిలిచింది.

"మేడమ్, ఆవిడొచ్చేసింది. ముందు ఆవిడ చేతుల్లోంచి పిల్లని తీసుకోండి."